మర్కూక్ బర్రె, నాలుగు సూదులు

మాది అనంతపురం వైపు మెట్టసేద్యం. పదకొండెకరాల ఎర్రనేల. వాన పడితే శెనక్కాయ, పడకపోతే ఆకాశం. ఇంటి ముందర కొన్ని గొర్రెలు, ఒక జత ఎద్దులు. ఎద్దులు ముసలివయ్యాయి, అమ్మేసి ట్రాక్టరుతో దున్నించుకుందాం అని మా ఆయన అంటాడు. వద్దని నేను. ఏడాదిగా ఇంట్లో ఇదే పోరు.

హైదరాబాదులో ఒక రైతుల శిక్షణలో నాకు స్వరూప అనే అమ్మాయి పరిచయమైంది. మర్కూక్ దగ్గర ఒక పల్లె కోడలు. తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "చిన్నత్తా, ఒక్కసారి మా సిద్దిపేట దిక్కు రా. మాది గూడ మీ తీర్గ ఎండిన జాగనే. నీళ్లొచ్చినంక ఎట్లయ్యిందో నీ కండ్లతోని చూడు." నీళ్లొచ్చిన మెట్టప్రాంతం ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉండేది. శ్రావణంలో శెనక్కాయకి కలుపు అయిపోగానే సంచీ సర్దుకున్నాను. అయిదు రోజులనుకున్నాను. ఇల్లు చేరేసరికి పన్నెండో రోజైంది.

చింతమడక

సిద్దిపేట బస్టాండులో దిగి పది రూపాయల చాయ్ తాగాను. మా వైపు 'టీ' అంటాం, పైగా సగం నీళ్లు. ఇక్కడ పాలెక్కువ, అల్లం ఘాటు. ముందు వరి చూద్దామని చింతమడక ఆటో ఎక్కాను. దారి రెండు వైపులా పచ్చదనం తప్ప ఇంకోటి లేదు. ఒక్క జొన్నచేను లేదు, ఒక్క కందిసాలు లేదు. అంత నీళ్లు, అంత పచ్చదనం చూస్తే కడుపు నిండాలి కదా. నాకెందుకో గుబులుగా అనిపించింది. ఎక్కడా పశువు లేదు. మైళ్ల కొద్దీ పొలం, దాన్లో ఒక్క కొమ్ము కూడా కనబడలేదు.

ఒక మడిలో నాట్లు వేస్తున్నారు. పదిమంది మగవాళ్లు, తాడు పట్టుకుని, యంత్రంలాగా వెనక్కి అడుగేస్తూ. బిహారు నుంచి వచ్చారట. గట్టు మీద కూర్చున్న రాజవ్వ అనే ఆమె చెప్పింది. పొలం ఆమెదే.

"మీ ఊరి ఆడోళ్లు ఎవరూ నాటెయ్యరా?" అని అడిగాను.

"ఏస్తుంటిమి. గిప్పుడు ఈళ్లు జెల్ది ఏస్తరు. మాకు నడుములు వంగుతలెవ్వు." మడి వైపు చూస్తూ, "మేం పాటలు పాడుకుంట ఏసెటోళ్లం. గిప్పుడు సప్పుడుంటలేదు," అంది.

గట్టు పక్క మడిలో అప్పుడే డ్రోను మందు కొట్టింది. గాలి మా మీదికి తిరిగింది. రాజవ్వ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "లే, లే, ఈడ కూసోవద్దు," అని నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఇంటికి తీసుకెళ్లి వేడివేడి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెలో ఒత్తి కాల్చింది. ఎంత రుచిగా ఉందో! కానీ సాయంత్రం దాకా నా నాలుక మీద ఆ మందు చేదు పోలేదు.

దౌల్తాబాద్

మర్నాడు దౌల్తాబాద్ వైపు వెళ్లాను. అక్కడ ఇంకా చెలకలనే మెట్టచేలున్నాయి, మక్కజొన్న, పత్తి వేస్తారని విన్నాను. నిజమే. మక్క మనిషెత్తు పెరిగి ఉంది. మా ఎర్రనేలలాంటి నేల కనబడగానే పాదాలకి ప్రాణం వచ్చినట్టయింది. పొద్దు వాలుతోంది. కంకి ఎలా పట్టిందో చూద్దామని గట్టు దిగి చేను వైపు నడిచాను.

"ఏయ్! ఆగు! ఆగవే అవ్వా!"

వెనక నుంచి ఎవరో ప్రాణం పోయేలా అరిచారు. బెదిరి వెనక్కి పడ్డాను. పడింది ముళ్లకంప మీద. కుడి అరచెయ్యి చీరుకుపోయి నెత్తురు వచ్చింది. పరుగెత్తుకొచ్చిన మనిషి రొప్పుతూ నా కాళ్ల ముందు చూపించాడు. మోకాలెత్తులో సన్నని ఇనుప తీగ. పొద్దు వెలుగులో సరిగా కనబడడం లేదు. పక్క చేను వాళ్లు అడవి పందుల కోసం కట్టి, కరెంటు పెట్టారట.

"ఇంకొక్క అడుగైతే గాడనే పోతుంటివి," అన్నాడు. "పెట్టొద్దని చెప్పినా ఇంటలేరు. పందులు ఒక్క రాత్రిల చేను కొట్టేస్తున్నయి. గుట్టలు తవ్విన్రు, పొదలు కొట్టిన్రు, గవి ఏడ తిరుగాలె? చేన్లకొస్తున్నయి."

మా ఊళ్లో పందుల కోసం రాత్రిళ్లు డబ్బాలు కొడతారు. నేను బస్సు ఎక్కేదాకా రోడ్డు మధ్యలోనే నడిచాను. గడ్డిపరక తగిలినా తీగేనేమో అనిపించింది.

మర్కూక్

మూడో రోజు స్వరూప, ఆమె భర్త మల్లేశం బైకు మీద మర్కూక్‌లో ఎదురొచ్చారు. వాళ్ల పల్లె పేరు రాయను. ఆ ఊరిని ఎవరూ వేలెత్తి చూపించడం నాకిష్టం లేదు. ముందు నన్ను కొండపోచమ్మ సాగర్ కట్ట ఎక్కించారు. అంత నీటిని అంత ఎత్తున నేనెప్పుడూ చూడలేదు. సంతోషపడాల్సింది పోయి కట్ట రాళ్లని గట్టిగా తొక్కుతూ నిలబడ్డాను. దిగువన ఇళ్ల కప్పులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి.

స్వరూప అత్తగారు లచ్చవ్వ. అరవై దాటి ఉంటాయి. నన్ను చూడగానే "రా చెల్లె, కూసో," అని పీట వేసింది. నా అరచేతి గాయం చూసి పసుపు పెడతానంది. పొద్దున్నే పెట్టుకున్నానన్నాను. కొట్టంలో ఒకటే బర్రె ఉంది. మా వైపు ఎనుము అంటాం. నల్లగా, నిగనిగలాడుతూ, దాని పక్కన నాలుగు నెలల దుడ్డె. ఆ వాడ మొత్తానికి పాడి పశువు అదొక్కటేనట. ఆరిళ్లకి దాని పాలే పోస్తారు, మిగతా ఇళ్లకి పాలపాకెట్లే.

"నేను కాపురానికొచ్చిన నాడు గీ వాడల కొమ్ములు తగలకుంట నడవరాకపోతుండె," అంది లచ్చవ్వ. "ఊరందరి పసులు ఒక్క మంద. ఎల్లయ్య అనేటాయన తోలుకపోతుండె. ఏ గొడ్డు కుంటింది, ఏది మేయలే, దేన్ని ఏం కరిసింది, మాపటికి ఇంటింటికి చెప్పిపోతుండె. ఆయన పాయె. మేపే జాగ కొంత నీళ్లల్ల పాయె, కొంత ప్లాట్లాయె. ఎడ్లను అమ్మినం, ఆవులను అమ్మినం. గిదొక్కటి నా పానం."

"మరి కుక్కలేంటి అక్కా ఇన్ని?" అన్నాను. ఊళ్లోకి వస్తుంటే గుంపులు గుంపులుగా కనబడ్డాయి.

మల్లేశం చెప్పాడు. "ఊరవతల కోళ్ల షెడ్లు లేసినయి గద చిన్నమ్మా. సచ్చిన కోళ్లను గుంతలల్ల ఏస్తరు. గవి తిని కుక్కలు బలిసినయి. తోడేళ్ల తీర్గ మీదికొస్తున్నయి."

ఆ సాయంత్రం బర్రె పాలతో చాయ్ ఇచ్చారు. రాత్రి మక్క రవ్వతో కాచిన గట్క, పచ్చిపులుసు, మీగడ పెరుగు. కడుపు నిండా తిన్నాను. లచ్చవ్వ మాత్రం సరిగా తినలేదు. బర్రె గడ్డి ముట్టలేదని రెండుసార్లు లేచి చూసొచ్చింది.

కొట్టంలో పొద్దున

తెల్లవారగానే ఒక అరుపుకి మెలకువ వచ్చింది. పశువు అరుపే, కానీ గొంతు బొంగురుపోయి, ఎవరో పీక పిసికినట్టు ఉంది. వెళ్లి చూస్తే బర్రె నోటి నుంచి తీగలు తీగలుగా సొంగ కారుతోంది. ముందు కుడితి తొట్టి. మూతి ముంచుతుంది, మింగలేక తీస్తుంది, మళ్లీ అరుస్తుంది.

"మక్కబెండు తట్టుకున్నట్టుంది గొంతుల," అంది లచ్చవ్వ. "చెల్లె, జెర దవడ పట్టుకో."

నాకూ అట్లాగే తోచింది. మా ఎనుముకు ఒకసారి మామిడి టెంక ఇరుక్కుంటే నేనే తీశాను. రెండు చేతులా దవడ విడదీసి పట్టుకున్నాను. లచ్చవ్వ మోచేతి దాకా నోట్లోకి చెయ్యి పెట్టి వెదికింది. పళ్లు గీరుకుని ఆమె మణికట్టు మీద చారలు పడ్డాయి. ఏమీ దొరకలేదు. సొంగ నా అరచేతుల్లోంచి మోచేతుల దాకా కారింది. చేతులు కుడితి తొట్టిలోనే కడుక్కుని, కొంగుకి తుడుచుకున్నాం.

మల్లేశం ఫోన్ చేస్తే పశువుల డాక్టరు తొమ్మిదికల్లా వచ్చాడు. చిన్న వయసు. కొట్టం లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"దీన్ని ఎప్పుడన్నా కుక్క కరిచిందా?"

స్వరూప మొహం తెల్లబోయింది. "నెలన్నర కిందట... కోళ్ల షెడ్ల దిక్కు గడ్డికి తోలుకపోయినప్పుడు. వెనక కాలు మీద చిన్న గాటు సార్. పసుపు పెట్టినం. మానింది."

"నోట్లో ఎవరన్నా చెయ్యి పెట్టిన్రా?"

లచ్చవ్వ తన చెయ్యి చూసుకుంది. నేను నా అరచెయ్యి చూసుకున్నాను. ముళ్లకంప చీరిన గాయం తడిసి, పొర ఊడి, ఎర్రగా ఉంది.

"నల్లా దగ్గరికి పోన్రి. ఇప్పుడే. సబ్బు పెట్టి పావుగంట కడగాలె. నేను చెప్పేదాక ఆపొద్దు," అన్నాడు డాక్టరు. ఆ తర్వాత అన్నాడు, "పిచ్చికుక్క రోగం లాగుంది. దీనికి మందు లేదు. మీకుంది, గానీ జెల్ది పోవాలె."

ఆ పావుగంటలో నేనేం ఆలోచించానో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. సబ్బు గాయంలోకి దిగి మండుతోంది. ఇంకా మండాలని రుద్దుతున్నాను. మా ఆయనకి ఏమని చెప్పాలి? ఎద్దుల కోసం పోట్లాడి వచ్చానే. చివరి మాటలు అవేనా?

వార్త గాలిలా పాకింది. ఆ బర్రె పాలు పోయించుకునే ఆరిళ్ల వాళ్లూ వాకిట్లోకి వచ్చారు. ఒకామె పెరుగు గిన్నె తెచ్చి మోరీలో కుమ్మరించి, "మా పొల్లకు తాపిచ్చినం గదే లచ్చవ్వా!" అని ఏడ్చింది. ఇంకొకాయన బూతులు తిట్టాడు. అందరూ ఆటోలు మాట్లాడుకుంటుంటే లచ్చవ్వ మాత్రం గడపలో కూర్చుండిపోయింది.

"నేను రాను," అంది. "బర్రెను గిట్ల ఇడిసిపెట్టి యాడికి రావాలె?"

మల్లేశం బతిమాలాడు. స్వరూప కాళ్లు పట్టుకుంది. లేవదే! అందరినీ బయటికి పంపి నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. చిన్నతనంలో పుట్టింటి ఊళ్లో ఒకాయనకి ఈ రోగం వచ్చిందట. అర్రలో పెట్టి గొళ్లెం వేశారట. "నీళ్లు, నీళ్లు అని మొత్తుకుంటుండె. చెంబు చూపెడితే వణుకుతుండె. మా అవ్వ నా చెవులు మూసింది. గదే గిప్పుడు నాకొస్తే... దవాఖానల పడి సచ్చుడు కంటె ఇంట్ల సచ్చుడు మంచిది."

"అక్కా, నువ్వు రాకపోతే నేనూ పోను," అన్నాను.

అనైతే అనేశాను. నిజంగానే రానంటే? నిమిషం నిమిషం లెక్కపెట్టుకుంటున్నదాన్ని, పంతం పట్టి కూర్చోగలనా? ఆమె నా అరచెయ్యి తీసుకుని వొళ్లో పెట్టుకుంది. గాయం చూసింది. "అయ్యో, నేనే పట్టుకొమ్మంటి గదా," అని లేచి చెప్పులేసుకుంది.

సిద్దిపేట దవాఖాన

కుక్కకాటు గది ముందు వరస పెద్దదే. చెంప మీద కట్టుతో ఒక ముసలాయన, పిక్క మీద కాటుతో కాలేజీ అమ్మాయి. అందరిదీ ఒకటే కథ, కుక్కలు ఎక్కువయ్యాయి. డాక్టరమ్మ మాతో వచ్చిన వాడ వాళ్లందరినీ కూర్చోబెట్టి, కాచిన పాలతో, చాయ్‌తో భయం లేదని ఓపికగా నాలుగుసార్లు చెప్పింది. పచ్చిపాలు ఎవరన్నా తాగారా అని అడిగి, లేదనిపించుకుంది. వాళ్ల మొహాల్లో రంగు తిరిగొచ్చింది. తర్వాత మా ఇద్దరి చేతులు చూసింది. అప్పుడు ఆమె మొహంలో చిరునవ్వు లేదు.

"మీకు రెండు రకాల సూదులు పడతయి. ఒకటి జబ్బలకు. ఈ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఒక్కటి గూడ తప్పొద్దు. ఇంకోటి గాయంల, ఇప్పుడే."

గాయం చుట్టూ అరచేతిలో సూది గుచ్చుతుంటే ప్రాణం గిలగిల్లాడింది. లచ్చవ్వ ఎడమ చేత్తో నా భుజం పట్టుకుంది. ఆమె వంతు వచ్చినప్పుడు నేను పట్టుకున్నాను. ఆమె అరవలేదు. పెదవి కొరుక్కుని, "చెల్లె, దుడ్డె పాలు తాగింది గద... దానికి గూడ వస్తదా?" అని అడిగింది.

ఏడు రోజులు

మూడో సూది అయ్యేదాకా అక్కడే ఉండమంది స్వరూప. నాకూ బస్సులో ఒంటరిగా కూర్చునే ధైర్యం లేదు. ఉండిపోయాను.

డాక్టరు చెప్పినట్టు దుడ్డెను ఇంటి రెండో పక్క రేకుల కింద కట్టేశారు. దానికీ సూదులు మొదలుపెట్టాడు. కానీ నమ్మకం లేదని, నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాలని, అమ్మకూడదని చెప్పాడు. స్వరూప చేతులకి తొడుగులేసుకుని, దూరం నుంచే కర్రకి కట్టిన డబ్బాతో పాకెట్టు పాలు పోసేది. పాడి ఉన్న ఇంటికి పాలపాకెట్టు కొనుక్కు రావడం ఆ ఇంట్లో అదే మొదలట.

కొట్టానికి తడికె అడ్డం పెట్టారు. బర్రె కనబడదు. గొంతు మాత్రం వినబడేది. రోజురోజుకీ సన్నబడింది. వెనక కాళ్లు పడిపోయాయని మల్లేశం చెప్పాడు. అది అరిచినప్పుడల్లా లచ్చవ్వ చేస్తున్న పని ఆపి నిలబడేది. దుడ్డె అటునుంచి జవాబిచ్చేది. ఆ రెండు గొంతుల మధ్య మేం అన్నం తినేవాళ్లం. వాడలో ఎవరూ మా గడప తొక్కలేదు. పలకరించాలనుకున్న వాళ్లు రోడ్డు మీద నుంచే పలకరించి పోయేవాళ్లు.

మూడో రోజు రెండో సూదికి వెళ్లి వచ్చేసరికి కొట్టం నిశ్శబ్దంగా ఉంది. జేసీబీ పిలిచి, ఊరవతల లోతుగా గుంత తీయించి, సున్నం పోసి పూడ్చారు. లచ్చవ్వను రానివ్వలేదు. బాట మలుపు దాకా నడిచి అక్కడే నిలబడింది. యంత్రం చప్పుడు ఆగేదాకా కదల్లేదు. తిరిగి వస్తూ, "ఎల్లయ్య ఉంటే గా పొద్దే చెప్తుండె, కరిసింది పిచ్చికుక్కని," అని మాత్రం అంది.

ఏడో రోజు సూది వేయించుకుని బస్సెక్కాను. లచ్చవ్వ బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఆమె కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

ఇల్లు

మా ఆయన అంతా విని, చాలాసేపు నా అరచెయ్యి తిప్పి తిప్పి చూశాడు. ఎద్దుల సంగతి ఇద్దరం ఎత్తలేదు. మర్నాడే వీధి కుక్కలకి టీకాలు వేయించాలని పంచాయతీకి వెళ్లి కూర్చున్నాడు. నన్ను పెళ్లి చేసుకున్నాక ఆయన ఒక ఆఫీసు గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి.

భయం మాత్రం నాతోనే వచ్చింది. పొద్దున లేవగానే లోటాడు నీళ్లు ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎత్తుకోవాలంటే చెయ్యి వణికేది. ఆ వణుకు భయానిదా, రోగానిదా? గుటక దిగితే ఆ రోజుకి బతికినట్టు. రాత్రి ఎద్దు గంగడోలు ఆడించినా గంట చప్పుడుకి లేచి కూర్చునేదాన్ని.

ఇరవై ఎనిమిదో రోజు మా ఊరి ఆసుపత్రిలో చివరి సూది వేయించుకుని ఇంటికి రాగానే లచ్చవ్వకి ఫోన్ చేశాను. ఆమె కూడా పొద్దున్నే వేయించుకుందట.

"అయిపోయింది అక్కా. గండం గడిచింది," అన్నాను.

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"చెల్లె, నీకొక్కటి చెప్పాలె. ఎవ్వలకు చెప్పలే." గొంతు బొంగురుగా ఉంది. "గా పొద్దుగాల మీరు లేవకముందు, కుడితి పెడితే తాగుతలేదని, మంకు చేస్తుందని, మూతి మీద ఒక్కటి కొట్టిన. పాపం, దానికి దూపైతుండె, నీళ్లు గావాలె. మింగరాక ఇడిసిపెడుతుండె. నాకేం ఎరుక?"

ఆమెకే ఏడుపు తగ్గేదాకా ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాను.

"దుడ్డె ఎట్లుంది?" అని అడిగాను చివరికి.

"మంచిగనే ఉంది. డాక్టరు ఇంకా చూడాలన్నడు. దగ్గరికి పోతే భయమైతది, పోకుంటే మనసున పడ్తలేదు." అడుగుల చప్పుడు వినబడింది. ఆమె ఎక్కడికో నడుస్తోంది. తర్వాత గొంతు తగ్గించింది. "గిప్పుడే దాని నీళ్ల తొట్టి కాడికొచ్చింది. ఉండు, నేను గింత దూరంల నిలబడ్డ. సప్పుడు చెయ్యకు. ఫోన్ గటు పెడుతున్న, నువ్వే ఇను."

నేను ఊపిరి బిగబట్టాను. ముందు గాలి చప్పుడు, ఎక్కడో ట్రాక్టరు. తర్వాత, దూరంగా, స్పష్టంగా, దుడ్డె నీళ్లు తాగుతున్న చప్పుడు. గుటక, గుటక, గుటక.